డేటాబేస్ పోయినా లైను నడవాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ప్రొడక్షన్ లైను పక్కన ఉన్న పీసీ మీద డాట్‌నెట్‌లో (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక) రాసుకున్న సొంత స్కాడా ప్రోగ్రామ్, అంటే యంత్రాలను స్క్రీన్ మీంచి చూస్తూ నడిపించేది, నడుస్తోంది. రెసిపీలు, బ్యాచ్ రికార్డులు, ట్యాగ్‌ల (యంత్రం నుంచి చదివే ఒక్కో విలువ) చరిత్ర అన్నీ సర్వర్ రూమ్‌లోని ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో ఉన్నాయి. నెట్‌వర్క్ పోయినప్పుడల్లా స్క్రీన్ బిగుసుకుపోతోంది, మిక్సింగ్ మధ్యలో ఆపేయాల్సి వస్తోంది. లైను దగ్గర ఇంకో డేటాబేస్ పెట్టి రెండింటి మధ్య రెప్లికేషన్ (ఒకదాంట్లో మార్పు ఇంకోదాంట్లోకి దానంతటదే చేరే ఏర్పాటు) నడిపితే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. రెప్లికేషన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇప్పుడున్న తలనొప్పికి తోడు, రెండు కాపీల్లో ఏది నిజమనే పంచాయితీ కూడా మీ నెత్తినే పడుతుంది.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట "స్క్రీన్ బిగుసుకుపోతోంది". డేటాబేస్ పోతే రికార్డులు ఆగుతాయి, అది అర్థమయ్యే విషయమే. స్క్రీన్ ఎందుకు ఆగాలి? పీఎల్‌సీ, అంటే యంత్రాలను నేరుగా నడిపే చిన్న కంప్యూటర్, తన స్కాన్‌ని (ఇన్‌పుట్లు చదివి అవుట్‌పుట్లు మార్చే ఒక చుట్టు) మిల్లీసెకన్లలో ముగించుకుని మళ్లీ మొదలుపెడుతుంది. సర్వర్ రూమ్‌లో ఏం జరుగుతోందో దానికి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. అయినా లైను ఆగుతోందంటే, మీ ప్రోగ్రామ్‌లో పీఎల్‌సీతో మాట్లాడే దారి, డేటాబేస్‌కు వెళ్లే దారి ఎక్కడో ఒకటైపోయాయి. బహుశా ట్యాగ్ మారినప్పుడు నడిచే కోడ్‌లోనే ఇన్సర్ట్, అంటే డేటాబేస్‌లో రికార్డు రాసే ఆదేశం, ఉండి ఉంటుంది. ఆ ఇన్సర్ట్ తిరిగొచ్చే దాకా తర్వాతి ట్యాగ్ చదవడం ఆగుతుంది, బటన్ నొక్కినా పలకదు. ఈ ముడి విప్పకుండా పక్కన ఎన్ని డేటాబేస్‌లు పెట్టినా లాభం లేదు. రేపు ఆ లోకల్ డేటాబేస్ మొరాయించినా స్క్రీన్ ఇలాగే ఆగుతుంది.

కనెక్షన్ పోవడం కంటే, పోయిందని తెలియకపోవడం పెద్ద సమస్య. డాట్‌నెట్‌లో కనెక్షన్ తెరవడానికి మామూలుగా ఉండే గడువు 15 సెకన్లు, కమాండ్ ముగియడానికి 30 సెకన్లు. వెబ్‌సైట్‌కు ఇవి చాలు. ఆపరేటర్ వాల్వ్ మూసే బటన్ మీద వేలు పెట్టుకుని నిలబడినప్పుడు 30 సెకన్లంటే ఎంతసేపో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి. కనెక్షన్ పూలింగ్ (తెరిచిన కనెక్షన్లను దాచి మళ్లీ వాడుకోవడం) ఉన్నప్పుడు తెరవడం ఒకసారి విఫలమైతే, తర్వాతి 5 సెకన్ల పాటు పూల్ ప్రయత్నమే చేయకుండా వెంటనే ఎర్రర్ ఇచ్చేస్తుంది. మళ్లీ విఫలమైతే ఆ గడువు రెట్టింపవుతూ 1 నిమిషం దాకా పెరుగుతుంది. మీ స్క్రీన్ కాసేపు బిగుసుకుని, కాసేపు కదిలి, మళ్లీ బిగుసుకుంటోందా? అయితే ముందు ఇక్కడే వెతకండి. "అప్పుడప్పుడు వస్తుందండీ, పట్టుకోలేకపోతున్నాం" అని నా దగ్గరికి వచ్చిన కేసుల్లో కొన్ని చివరికి ఇవే అయ్యాయి.

లినక్స్ మీద నడిపేవాళ్లకు ఇంకా ఓపిక కావాలి. పంపిన డేటాకు అవతలి నుంచి జవాబు రాకపోతే టీసీపీ (నెట్‌వర్క్‌లో డేటా చేరవేసే పద్ధతి) మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో అది చేతులెత్తేయడానికి సుమారు 15 నిమిషాలు పడుతుంది. ఏమీ పంపకుండా ఊరికే తెరిచి ఉన్న కనెక్షన్ అయితే, కీప్‌అలైవ్ (అవతలివాళ్లు ఇంకా ఉన్నారా అని అడగడం) మొదటి పలకరింపే 2 గంటల తర్వాత వెళ్తుంది, అదీ ప్రోగ్రామ్ అడిగి ఉంటేనే. అందుకే గడువులు మీరే పెట్టుకోవాలి. నేనైతే కనెక్షన్‌కు 3 సెకన్లు, కమాండ్‌కు 5 సెకన్లు పెట్టి మొదలుపెడతాను. కానీ గడువు తగ్గించడం తాత్కాలిక ఉపశమనం మాత్రమే. 3 సెకన్లయినా స్క్రీన్ ఆగడం ఆగడమే. అసలు చికిత్స దారులు వేరు చేయడం.

వేరు చేయడం అంటే నా ఉద్దేశంలో రెండు వేర్వేరు ప్రాసెస్‌లు, విడివిడిగా నడిచే రెండు ప్రోగ్రామ్‌లు. ఒకే ప్రోగ్రామ్‌లో రెండు థ్రెడ్‌లు పెట్టినా నడుస్తుంది గానీ, డేటాబేస్ డ్రైవర్‌లో మెమరీ లీకయితే రెండూ కలిసే పోతాయి. మొదటి ప్రాసెస్ పీఎల్‌సీతో మాట్లాడుతుంది, స్క్రీన్ చూపిస్తుంది, రాయాల్సిన ప్రతి రికార్డునూ అదే పీసీలోని ఫైల్లో వేసి తన పని తాను చూసుకుంటుంది. దాని కోడ్‌లో సర్వర్ పేరు గానీ పాస్‌వర్డ్ గానీ ఎక్కడా కనిపించకూడదు. రెండోది పోస్ట్‌మ్యాన్ లాంటిది. ఫైల్లోంచి తీసుకుని సర్వర్‌కు చేరవేస్తుంది. సర్వర్ "ముట్టింది" అన్నాకే ఫైల్లోంచి తీసేస్తుంది. నెట్‌వర్క్ ఉన్నప్పుడు కూడా రికార్డు ఈ దారినే పోవాలి. "కనెక్షన్ ఉంటే నేరుగా, లేకపోతే ఫైల్లోకి" అని రెండు దారులు పెట్టకండి. అత్యవసరంలో మాత్రమే నడిచే కోడ్ అత్యవసరంలోనే మొదటిసారి నడుస్తుంది, దాని బగ్‌లు కూడా అప్పుడే బయటపడతాయి.

ఆ ఫైలుకు ఎస్‌క్యూలైట్ (సర్వర్ అక్కర్లేకుండా ఒక ఫైల్లో ఉండే డేటాబేస్) చాలు. జర్నల్ మోడ్ వాల్‌లో (WAL, మార్పులను ముందు పక్క ఫైల్లో రాసే పద్ధతి) పెట్టండి, చదివేవాళ్లు రాసేవాళ్లకు అడ్డురారు. ఒకసారికి ఒక్కరే రాయగలరన్నది దాని పరిమితి. ఇక్కడ మొదటి ప్రాసెస్ రాయడం, పోస్ట్‌మ్యాన్ తీసేయడం రెండూ చిన్న పనులే కాబట్టి అది మీకు పెద్దగా తగలదు. సింక్రనస్ సెట్టింగ్ (రాసింది డిస్క్ మీద పడేదాకా ఆగాలా వద్దా అని చెప్పేది) దగ్గర కొంచెం ఆలోచించండి. వాల్ మోడ్‌లో నార్మల్ పెడితే, కరెంటు ఉన్నట్టుండి పోయినప్పుడు ఫైలు చెడిపోదు గానీ చివరి కొన్ని రికార్డులు పోవచ్చు. ఫుల్ పెడితే అవీ నిలుస్తాయి, కాకపోతే ప్రతి కమిట్‌కూ (రాసినదాన్ని ఖాయం చేసినప్పుడల్లా) డిస్క్ దాకా వెళ్లి రావాలి. నేను రెండు ఫైళ్లు పెడతాను. ట్రెండ్‌ల (గ్రాఫ్‌ల కోసం రాసే విలువలు) కోసం నార్మల్, బ్యాచ్ రికార్డుల కోసం ఫుల్. ఉష్ణోగ్రత గ్రాఫ్‌లో రెండు సెకన్లు లేకపోతే ఎవరూ అడగరు. బ్యాచ్‌లో ఏ ముడిసరుకు ఎంత పడిందో లేకపోతే ఆ బ్యాచ్‌నే పక్కన పడేయాల్సి రావచ్చు. ఈ ఫైలును షేర్డ్ నెట్‌వర్క్ డ్రైవ్ మీద మాత్రం పెట్టకండి. వాల్ మోడ్ అక్కడ పనిచేయదు. పైగా నెట్‌వర్క్ పోతుందనే కదా ఇదంతా! మెమరీ కార్డు మీద నడిచే చిన్న పెట్టె అయితే కార్డు రాతలతో అరిగిపోతుంది కాబట్టి, రికార్డులను ఒక సెకను కూడగట్టి ఒకే కమిట్‌గా రాయండి.

ఎంత జాగా కావాలో కాగితం మీద లెక్కేసుకోండి. 500 ట్యాగ్‌లు, సెకనుకు ఒకసారి అంటే రోజుకు 4 కోట్ల 32 లక్షల వరుసలు. వరుసకు 60 బైట్లు వేసుకున్నా రోజుకు 2.6 జీబీ. లోకల్‌గా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ పెడదామనుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. 2022 దాకా వచ్చిన ఎక్స్‌ప్రెస్ వెర్షన్లలో ఒక డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి ఉంది. ఈ లెక్కన నాలుగు రోజులు కూడా రాదు. నిజానికి సెకనుకోసారి రాయాల్సిన ట్యాగ్‌లు అన్ని ఉండవు. విలువ మారితేనే రాయి, ఇంత కంటే తక్కువ మారితే పట్టించుకోకు అని డెడ్‌బ్యాండ్ పెడితే చాలా తగ్గుతుంది. అయినా ఫైలుకు గరిష్ఠ పరిమాణం పెట్టండి, అది నిండితే ఏది పారేయాలో ఇప్పుడే రాసుకోండి. పాత ట్రెండ్‌లు పారేయొచ్చు, బ్యాచ్ రికార్డులు ఎప్పటికీ పారేయకూడదు. ఈ నిర్ణయం మీరు తీసుకోకపోతే డిస్క్ నిండిన రోజు విండోస్ తీసుకుంటుంది.

ఇక్కడిదాకా చెప్పింది లైను నుంచి సర్వర్‌కు పోయే సరుకు గురించి. పైనుంచి కిందికి వచ్చే సరుకు వేరు, దాని పద్ధతి వేరు.

రెసిపీలను సర్వర్‌లో మారినప్పుడల్లా లోకల్‌గా కాపీ చేసిపెట్టుకోండి, వెర్షన్ నంబర్‌తో, చెక్‌సమ్‌తో (కాపీ పూర్తిగా దిగిందో లేదో తేల్చే అంకె) సహా. సగం దిగిన రెసిపీ కంటే నిన్నటి రెసిపీ ఎంతో నయం. బ్యాచ్ మొదలయ్యే ముందే రెసిపీ మొత్తాన్నీ పీఎల్‌సీలోకి దించేయండి. ఒక్కో స్టెప్‌కు వెళ్లి సర్వర్‌ను అడిగే ఏర్పాటు ఉంటే, మీ మిక్సింగ్ మధ్యలో ఆగడానికి సగం కారణం అదే కావచ్చు. ఇలా చేస్తే నడుస్తున్న బ్యాచ్ ఎలాగూ పూర్తవుతుంది. కనెక్షన్ లేనప్పుడు కొత్త బ్యాచ్ మొదలుపెట్టొచ్చా, పాత వెర్షన్ రెసిపీతో ఎన్ని గంటల దాకా నడపొచ్చు అన్నవి ప్రోగ్రామర్ తేల్చే విషయాలు కావు. ప్రొడక్షన్, క్వాలిటీ వాళ్లను కూర్చోబెట్టి రాయించుకోండి, సంతకాలు కూడా తీసుకోండి.

బ్యాచ్ నంబర్ సంగతి చాలామంది మర్చిపోతారు. నంబర్ ఇచ్చేది సర్వరే అయితే, సర్వర్ లేనప్పుడు బ్యాచ్‌కు పేరే ఉండదు. దీనికి తేలికైన దారి, ప్రతి లైనుకూ ముందుగానే ఒక వంద నంబర్ల కట్ట ఇచ్చిపెట్టడం. సగం అయిపోయాక, కనెక్షన్ ఉన్నప్పుడు ఇంకో కట్ట తెచ్చుకుంటుంది. వాడని నంబర్లు మధ్యలో ఖాళీలుగా మిగిలిపోతాయి, ఆ ఖాళీలకు అర్థమేమిటో ఆడిటర్లకు ముందే చెప్పి ఉంచండి.

లాగిన్ కూడా అంతే. లాగిన్‌లు సరిచూసే డొమైన్ సర్వర్ అందకపోతే షిఫ్ట్ మారినప్పుడు కొత్త ఆపరేటర్ లోపలికే రాలేడు. లోకల్‌గా ఒక అత్యవసర యూజర్ ఉండాలి, దాన్ని ఎవరు ఎప్పుడు వాడినా రికార్డు పడాలి.

ఇక అసలు భయపడాల్సిన చోటు. ఆదేశాలను ఎప్పుడూ క్యూలో పెట్టకండి. నేను పనిచేసిన ఒక ప్లాంట్‌లో స్క్రీన్ మీద నొక్కిన బటన్ డేటాబేస్‌లోని ఆదేశాల టేబుల్‌లో ఒక వరుసగా పడేది, దాన్ని ఇంకో సర్వీసు చదివి పీఎల్‌సీకి పంపేది. మధ్యలో నెట్‌వర్క్ పోతే నష్టం ఉండకూడదని ఎవరో మంచి ఉద్దేశంతోనే దానికీ లోకల్ బఫర్ (పంపేదాకా దాచిపెట్టే చోటు) తగిలించారు. ఒకరోజు నెట్‌వర్క్ 40 నిమిషాలు పోయింది. ఆపరేటర్ ట్యాంక్ ఖాళీ చేద్దామని డ్రెయిన్ బటన్ మూడుసార్లు నొక్కాడు. ఏమీ కాలేదు. లేచి వెళ్లి చేత్తోనే వాల్వ్ తిప్పి ఖాళీ చేశాడు, మూశాడు, కొత్త బ్యాచ్ నింపడం మొదలుపెట్టాడు. అప్పుడు నెట్‌వర్క్ వచ్చింది. బఫర్ తన కర్తవ్యం తాను నిర్వర్తించింది. ఆటోమేటిక్ డ్రెయిన్ వాల్వ్ తెరుచుకుని, సగం నిండిన ట్యాంక్ కింది నుంచి కారిపోతుంటే అందరూ స్క్రీన్ వైపు చూస్తున్నారు. స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బ్యాచ్ మాత్రం నేలపాలైంది.

ఆ రోజు నుంచి నా పద్ధతి ఇదే. లైను దగ్గరి ఆదేశం డేటాబేస్ గుండా పోనే కూడదు, స్క్రీన్ నుంచి పీఎల్‌సీకి నేరుగా వెళ్లాలి. పై సిస్టమ్ నుంచి రాక తప్పని ఆదేశమైతే దానికి ఆయుష్షు ఉండాలి. రెండు మూడు సెకన్లలో చేరకపోతే అది చచ్చినట్టే, ఆ సంగతి ఆపరేటర్‌కు ఎర్రగా కనిపించాలి. ఎమర్జెన్సీ స్టాప్ ఎటూ వైరింగ్‌లోనే ఉంటుంది కాబట్టి దాని ఊసు ఇక్కడ అక్కర్లేదు. మీ ప్లాంట్‌లో అలా లేకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి.

కథలో ఇంకోటి గమనించారా? ప్రమాదం నెట్‌వర్క్ పోయినప్పుడు జరగలేదు, తిరిగొచ్చినప్పుడు జరిగింది. రికార్డుల విషయంలోనూ అంతే. కనెక్షన్ రాగానే ఏమవుతుందో వరుసగా ఊహించుకోండి.

మొదట డూప్లికేట్లు. పోస్ట్‌మ్యాన్ కమిట్ పంపాడు, సర్వర్ రాసేసింది, ఆ జవాబు తిరిగొచ్చేలోపు లింకు తెగింది. రికార్డు చేరిందో లేదో అతనికి తెలియదు, మళ్లీ పంపుతాడు. పంపాలి కూడా. కాబట్టి డూప్లికేట్లను ఆపే బాధ్యత సర్వర్ వైపు ఉండాలి. ప్రతి రికార్డుకూ లైను పేరు, ఒక్కొక్కటిగా పెరిగే క్రమసంఖ్య వేసి, ఆ రెండింటి మీద యూనిక్ కీ పెట్టండి. రెండోసారి వస్తే సర్వర్ తోసేస్తుంది, పోస్ట్‌మ్యాన్ దాన్ని ముట్టినట్టే లెక్కేస్తాడు. సమయం మీద కీ పెడదామనిపిస్తుంది, వద్దు. పీసీ గడియారం వెనక్కి జరగొచ్చు. నెట్‌వర్క్ పోతే టైమ్ సర్వర్ కూడా పోయినట్టే కదా, తిరిగొచ్చాక గడియారం ఒక్కసారిగా సరిదిద్దుకుంటుంది. విలువ చదివిన క్షణాన్ని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) రికార్డుతో పాటే రాయండి. సర్వర్‌లో పడిన సమయాన్ని వేరే కాలమ్‌లో ఉంచండి. టేబుల్‌లో డిఫాల్ట్‌గా సర్వర్ సమయం పడేలా వదిలేస్తే, 8 గంటల డేటా మొత్తం ఒకే నిమిషంలో జరిగినట్టు గ్రాఫ్‌లో నిలువు గోడలా కనిపిస్తుంది.

తర్వాత విషపు రికార్డు. కాలమ్‌లో పట్టని పొడవైన పేరో, ఖాళీ విలువో ఉన్న ఒక్క రికార్డు క్యూ ముందు కూర్చుంటే, దాని వెనక లక్షలు ఆగిపోతాయి. పోస్ట్‌మ్యాన్ "సర్వర్ రావట్లేదు" అనుకుని రాత్రంతా దాన్నే తిప్పి తిప్పి పంపుతుంటాడు. ఎర్రర్‌లను రెండు రకాలుగా విడగొట్టండి. కనెక్షన్ తాలూకుదైతే ఆగి మళ్లీ ప్రయత్నించాలి. డేటా తాలూకుదైతే ఆ రికార్డును పక్క టేబుల్‌లో పెట్టి ముందుకు పోవాలి. ఓడీబీసీ, జేడీబీసీ డ్రైవర్లు వాడితే, ఎర్రర్‌తో పాటు వచ్చే ఎస్‌క్యూఎల్‌స్టేట్ కోడ్ 08తో మొదలైతే కనెక్షన్, 22 అయితే డేటా, 23 అయితే కీ లేదా నిబంధన ఉల్లంఘన. డాట్‌నెట్ డ్రైవర్‌లో ఎర్రర్ నంబర్ చూసి తేల్చుకోవాలి. డూప్లికేట్ కీకి 2627 లేదా 2601 వస్తుంది.

ఆగి మళ్లీ ప్రయత్నించడంలోనూ మర్యాద ఉంది. సెకను, 2, 4, 8 అలా పెంచుకుంటూ ఒక నిమిషం దగ్గర ఆపండి, ప్రతిదానికీ కాస్త అటూ ఇటూ యాదృచ్ఛికంగా కలపండి. లేకపోతే పది లైన్లూ ఒకే క్షణంలో సర్వర్ మీద పడతాయి, అప్పుడే లేచిన సర్వర్ మళ్లీ పడుకుంటుంది.

పాత బాకీ ఎంతసేపట్లో తీరుతుందో కూడా చూసుకోవాలి. సర్వర్ సెకనుకు 1000 వరుసలు తీసుకోగలదు, లైను నుంచి సెకనుకు 500 కొత్తవి వస్తున్నాయి అనుకుందాం. 8 గంటలు పోతే బాకీ తీరడానికి ఇంకో 8 గంటలు. ఒక్కో వరుసకు ఒక్కో కమిట్ చేస్తే ఎప్పటికీ తీరకపోవచ్చు, కాబట్టి 500 నుంచి 1000 దాకా కలిపి ఒకేసారి పంపండి. తాజా డేటాకు వేరే క్యూ ఇవ్వండి, పైన కూర్చున్నవాళ్లకు ఇప్పటి విలువ కావాలి గానీ పొద్దుటిది కాదు. బఫర్ నుంచి వచ్చిన రికార్డు మీద ఆ గుర్తు కూడా వేయండి. సర్వర్ వైపు అలారంలకు మెసేజ్ పంపే ట్రిగ్గర్ (రికార్డు పడగానే దానంతటదే నడిచే కోడ్) ఉంటే, మధ్యాహ్నం వచ్చి తగ్గిపోయిన హై లెవల్ అలారం అర్ధరాత్రి మేనేజర్ ఫోన్‌లో మోగుతుంది. తర్వాత మీ ఫోన్‌లో.

రెడీమేడ్ స్కాడా వాడేవాళ్లకు ఒక మాట. ఇగ్నిషన్ లాంటి వాటిలో స్టోర్ అండ్ ఫార్వర్డ్ (ముందు లోకల్‌గా దాచి తర్వాత పంపడం) ఉంటుంది, పంపలేని రికార్డులను క్వారంటైన్‌లో పెట్టే ఏర్పాటు కూడా ఉంది. అది ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. స్క్రిప్ట్‌లో నేరుగా డేటాబేస్ క్వెరీ రాస్తే అది ఆ దారిన పోదు. పైగా అది రాతలకే, చదవడానికి పనికిరాదు.

పరీక్ష గురించి. అందరూ పీసీ వెనక కేబుల్ పీకి "నడుస్తోంది" అంటారు. అలా పీకితే కేబుల్ పోయిందని విండోస్‌కు వెంటనే తెలుస్తుంది, ఎర్రర్ తొందరగా వస్తుంది. సర్వర్‌లో సర్వీసు ఆపినా అంతే, అవతలి మెషీన్ కాదనేస్తుంది. నిజ జీవితంలో పోయేది మధ్యలోని స్విచ్, లేదా ఎవరో మార్చిన ఫైర్‌వాల్ నిబంధన. అప్పుడు కేబుల్ లైటు వెలుగుతూనే ఉంటుంది, అవతలి నుంచి అవునని గానీ కాదని గానీ రాదు. కాబట్టి ఫైర్‌వాల్‌లో ప్యాకెట్లను నిశ్శబ్దంగా పారేసేలా పెట్టి పరీక్షించండి. తిరస్కరించేలా పెడితే లాభం లేదు. ఆ స్థితిలో పూర్తి బ్యాచ్ ఒకటి నడపండి. మధ్యలో ప్లగ్ పీకి పీసీని మళ్లీ ఆన్ చేయండి.

ఈ చివరిదే ఎక్కువమందిని ముంచుతుంది. నెట్‌వర్క్ పోయినా గంటల తరబడి చక్కగా నడిచిన ప్రోగ్రామ్, రీస్టార్ట్ చేస్తే లేవదు. ట్యాగ్‌ల జాబితా మొదట్లో సర్వర్ నుంచి చదువుతుంది, లేదా లైసెన్స్ సర్వర్‌ను అడుగుతుంది, లేదా పీఎల్‌సీ అడ్రస్‌ను డీఎన్‌ఎస్ (పేరును నెట్‌వర్క్ అడ్రస్‌గా మార్చే సర్వీసు) పేరుతో రాసుకుని ఉంటుంది. ఆపరేటర్లు ఏదైనా ఆగితే చేసే మొదటి పని రీస్టార్టే కదా.

స్క్రీన్ మీద "కనెక్టెడ్" అని పచ్చ దీపం పెట్టకండి. క్యూలో అన్నిటికంటే పాత రికార్డు వయసు ఎంతో చూపించండి. "పంపాల్సినవి 12,400, పాతది 38 నిమిషాల క్రితంది" అని ఉంటే ఆపరేటర్‌కూ అర్థమవుతుంది, పోస్ట్‌మ్యాన్ ప్రాసెస్ చచ్చిపోయి ఉన్నా ఆ అంకె పెరుగుతూ పోయి బయటపెడుతుంది. ఆ అంకెను మాత్రం మొదటి ప్రాసెసే ఫైలు చూసి లెక్కేయాలి, పోస్ట్‌మ్యాన్‌ను అడిగితే కాదు.

మీ దగ్గర సమయం తక్కువుంటే ఈ వారం రెండే చేయండి. గడువులు తగ్గించండి, ఇన్సర్ట్‌లను ట్యాగ్ కోడ్‌లోంచి తీసి క్యూలోకి మార్చండి. స్క్రీన్ బిగుసుకోవడం దాంతోనే ఆగుతుంది. తర్వాత లోకల్ రెసిపీ, ఆ తర్వాత బ్యాచ్ నంబర్లు. అవన్నీ అయ్యాక కూడా రెప్లికేషన్ కావాలనిపిస్తే, రెసిపీలకు మాత్రం, సర్వర్ నుంచి లైనుకు ఒకే దిక్కుగా పెట్టుకోండి.